రెండు చెక్కల పీట

ఎంఎంటీఎస్ రైలు దిగి హైదరాబాద్ కాచిగూడ స్టేషన్ బయటికొచ్చారు. శనివారం, పొద్దున తొమ్మిదిన్నర. వెనక్కి తిరిగితే గుమ్మటాలు, మినార్లు. 1916లో, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఏలుబడిలో లేచిన కట్టడం ఇది. ఒకప్పటి నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వేకి కేంద్ర కార్యాలయం. ఎదురుగా ఆటోవాళ్లు కోఠీ, కోఠీ అని పిలుస్తున్నారు. మీ భుజానికి ఖాళీ సంచి. జేబులో రెండు వేల రూపాయలు. రేపు సాయంత్రానికల్లా మీ చేత్తో మీరే చేసిన పీట మీద కూచోవాలి. టేకు కొనకూడదు, కరెంటు మిషన్ ముట్టకూడదు. ఇదీ మన లెక్క.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు చాలామంది ముందు పనిముట్ల దుకాణానికి వెళ్తారు. మనం ముందు కట్టె దగ్గరికి వెళ్దాం. ఏ కట్టె దొరికిందో తెలిస్తే ఏ పనిముట్టు కావాలో దానంతటదే తేలుతుంది. ఆటో వద్దు, నడవండి. మెయిన్ రోడ్డు వదిలి ఒక గల్లీలోకి తిరిగితే పాత సామాన్ల దుకాణం. తుప్పు పట్టిన గేట్లు, కూలర్ డబ్బాలు, వాటి పక్కన గోడకి ఆనించి నాలుగైదు ప్యాలెట్లు. లారీల్లో, రైళ్లలో వచ్చే సరుకు కింద వేసే చెక్క చట్రాలు ఇవి. సరుకు దిగాక వీటి పని అయిపోతుంది.

"ఏం గావాలె సార్?"

"ప్యాలెట్ చెక్కలు రెండు గావాలె అన్నా. నాలుగు ఫీట్లవి."

"రెండు చెక్కలతోని ఏం జేస్తరు?"

"పీట చేద్దామని."

"పీటనా!" అని ఆయన ఒకసారి మీ సంచి వంక, ఒకసారి మీ చేతుల వంక చూస్తాడు. "చూస్కోండి, ఏది మంచిగుంటె అది తీస్కోండి."

కూచుని చూడండి. ప్యాలెట్ పక్క దిమ్మ మీద కాల్చి వేసిన ముద్ర ఒకటి ఉంటుంది. గోధుమ వెన్ను బొమ్మ, దాని పక్కన దేశం కోడ్, ఒక నంబరు, చివర రెండు ఇంగ్లిష్ అక్షరాలు. మనకు కావాల్సింది ఆ చివరి రెండు అక్షరాలే. హెచ్‌టీ అని ఉంటే చెక్కను వేడి చేసి పురుగు చంపారని అర్థం; చెక్క నడిమధ్యలో కూడా 56 డిగ్రీల వేడి కనీసం అరగంట నిలవాలి. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించారని అర్థం. దేశాలు దాటే చెక్క పెట్టెలతో పురుగులు కూడా సరిహద్దు దాటుతున్నాయని 2002లో పెట్టిన అంతర్జాతీయ నియమం ఇది, పేరు ఐఎస్‌పీఎం 15. హెచ్‌టీ ఉన్నది తీసుకోండి. ఎంబీ ఉన్నదీ, నూనె మరకలున్నదీ, మందుల వాసన కొట్టేదీ ఎంత చవకగా ఇచ్చినా వద్దు. స్టేషన్ పక్కనే ఉన్నాం కదా, పాత రైలు పట్టాల కింది చెక్క స్లీపర్లు కూడా ఎక్కడన్నా కంటబడొచ్చు. అవీ వద్దు. పుచ్చిపోకుండా వాటికి క్రియోసోట్ అనే తారునూనె పట్టించేవాళ్లు. అది పట్టిన కట్టె ఇంట్లో కూచునే సామానుకి పనికిరాదు.

ముద్ర చూశాక చెక్క చూడాలి. ఒక కొస కంటి దగ్గర పెట్టుకుని, ఒక కన్ను మూసి, అంచు వెంట రెండో కొస దాకా చూపు పోనివ్వండి. విల్లులా వంగిందా, మెలి తిరిగిందా ఇట్టే కనిపిస్తుంది. కొద్దిగా వంగినా పర్వాలేదు, మెలి తిరిగింది మాత్రం వద్దు. ముడులు ఎక్కడున్నాయో చూడండి. చెక్క మధ్యలో గట్టిగా పట్టుకుని ఉన్న ముడి ఏమీ చేయదు. అంచున ఉన్న ముడి దగ్గర రంపం తడబడుతుంది, మేకు దిగదు. నల్లటి అంచు కట్టుకుని వదులైన ముడి ఏదో ఒకరోజు ఊడిపడుతుంది.

దుకాణం కుర్రాడు సుత్తి తీసుకుని చెక్కలు ఊడగొట్టబోతాడు. ఆపండి. ప్యాలెట్‌కి వాడే మేకులు చాలావరకు మెలికలు తిరిగి ఉంటాయి, లాగితే రావు. సుత్తితో కొడితే చెక్క చీలుతుంది తప్ప మేకు కదలదు. దుకాణంలోనే హ్యాక్సా బ్లేడు ఒకటి అడిగి తీసుకుని, ఒక కొసకి గుడ్డ చుట్టి, చెక్కకీ కింది దిమ్మకీ మధ్య సందులోకి దూర్చి మేకునే కోసేయండి. కాస్త టైం పడుతుంది, చెక్క మాత్రం చెక్కుచెదరకుండా చేతికొస్తుంది. లోపల మిగిలిన మేకు ముక్కలు ఎక్కడున్నాయో పెన్సిల్‌తో సున్నా చుట్టి పెట్టుకోండి. రేపు ఆ సున్నాల మీదికి రంపం వెళ్లకూడదు.

రెండు చెక్కలు చంకలో పెట్టుకుని నడుస్తుంటే బడీచౌడీ దాటి సుల్తాన్ బజార్ వైపు దారి తీస్తుంది. ఇప్పుడు మీ చూపు మారింది, గమనించారా? పండ్ల బండి కింద ఖాళీ యాపిల్ పెట్టెలు కనిపిస్తున్నాయి. కశ్మీర్ నుంచి వచ్చిన పోప్లార్ చెక్క అది. పలచటిదే, కానీ చిన్న డబ్బాలకీ గోడ అరలకీ బంగారంలాంటి సరుకు. అపార్ట్‌మెంట్ కోసం కూలుస్తున్న పాత ఇంటి ముందు దర్వాజా చట్రం పడి ఉంది, అరవై డెబ్బై ఏళ్లు ఎండి గట్టిపడిన కట్టె. టింబర్ డిపోలోనూ కట్టెకోత మిషన్ దగ్గరా మిగిలిన ముక్కలు కుప్ప పోసి పొయ్యిలోకి కిలోల లెక్కన అమ్ముతారు. ఆ కుప్పలో మూరెడు పొడవు ముక్క దొరికితే మీకు ఒక డబ్బా అయినట్టే. ఊరంతా కట్టె ఉంది, అడిగేవాళ్లే తక్కువ.

టేకు అయితేనే పని అనే మాట ఇక్కడ పక్కన పెట్టేయండి. మన ప్రాంతంలో పేరు మోసిన కొయ్యపని ఎక్కువగా నడిచింది మెత్తటి, తేలికపాటి కట్టెతోనే. కొండపల్లి బొమ్మలకూ నిర్మల్ బొమ్మలకూ పొణికి చెక్క, ఏటికొప్పాక లక్క బొమ్మలకు అంకుడు. దూలాలకూ తలుపులకూ పనికిరాని ఆ కట్టెలోంచే తరతరాల కళ వచ్చింది. బయటి దేశాల్లోనూ ఇదే దారి కనిపిస్తుంది. 1934లో, ఆర్థికమాంద్యం రోజుల్లో, నెదర్లాండ్స్ రూపశిల్పి గెరిట్ రీట్‌వెల్ట్ ప్యాకింగ్ పెట్టెల చెక్కతో కుర్చీ గీసి, కొన్నవాళ్లే ఇంట్లో బిగించుకునేలా చేశాడు. ఇటలీలో ఎంజో మారి 1974లో మామూలు చెక్కలూ మేకులూ సుత్తితో ఎవరైనా చేసుకోగల బల్లలు, కుర్చీలు, మంచాల నమూనాలు గీసి జనానికి ఇచ్చేశాడు. కొయ్య సామాను ఎలా నిలబడుతుందో మనిషికి చేతులతో తెలియాలన్నది ఆయన పట్టుదల. మీ చంకలోని ఆ రెండు చెక్కలు అంత మంచి వరసలోకి చేరాయి.

కోఠీ దాటి ట్రూప్ బజార్‌లోకి వచ్చారు. కుళాయిలు, స్విచ్చులు, వైర్ల చుట్టలు, తాళాలు, గొళ్లేలు. హార్డ్‌వేర్ దుకాణం కౌంటర్ ముందు నిలబడండి. కావాల్సినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఒక చేతి రంపం. ఉలులు రెండు, ఒకటి అంగుళం వెడల్పుది, ఇంకోటి అర అంగుళంది. ఒకవైపు గరుకుగా, ఒకవైపు నునుపుగా ఉండే సానరాయి. మూలమట్టం చూసే గునియా ఒకటి. సుత్తి, టేపు. వీటికి తోడు ఫెవికాల్ చిన్న డబ్బా, రెండంగుళాల మేకులు, 80, 120, 220 నంబర్ల గరుకు కాగితం, గీతలకి ఒక బ్లేడు, కాస్త అవిసె నూనె. డ్రిల్ మిషన్ వద్దు. చెక్క నునుపు చేసే రందా కూడా ఇప్పుడే వద్దు. ఉలి నూరడం వచ్చాక కొనండి, అప్పుడది మీ మాట వింటుంది.

రంపాన్ని కంటి దగ్గర పెట్టుకుని పళ్ల వరస వెంట చూడండి, ఇందాక చెక్కను చూసినట్టే. పలక ఎక్కడా మడత పడి ఉండకూడదు. పళ్లు ఒకటి ఎడమకి, ఒకటి కుడికి కొద్దిగా వంగి ఉన్నాయి కదా. కోసిన గాడి పలక కంటే వెడల్పుగా రావాలని అలా వంచుతారు. లేకపోతే రంపం చెక్కలో బిగుసుకుపోతుంది. మన బజార్లో దొరికే మామూలు రంపం తోసేటప్పుడు కోస్తుంది, జపాన్ రంపాలు లాగేటప్పుడు కోస్తాయి. ఏదైనా సరే, పళ్లు ఎటు వాలి ఉన్నాయో చూసుకుంటే ఎటు బలం పెట్టాలో తెలిసిపోతుంది.

గునియాని నమ్మి కొనొద్దు, పరీక్షించి కొనండి.

"అన్నా, ఒక ప్లైవుడ్ ముక్క ఇస్తరా, గునియా చూస్త."

ముక్క తిన్నటి అంచుకి గునియా ఆనించి పెన్సిల్ గీత గీయండి. గునియాని బోర్లా తిప్పి, అదే అంచుకి ఆనించి, అదే చోటి నుంచి ఇంకో గీత గీయండి. రెండు గీతలూ ఒకటిగా కలిసిపోతే గునియా మంచిది. పైకి పోయేకొద్దీ విడిపోతే తప్పుది, అసలు తప్పుకి రెట్టింపు కళ్ల ముందు కనిపిస్తుంది. మొదటిది విడిపోయింది, పక్కన పెట్టించండి. రెండోది కలిసింది. దుకాణదారుడు కౌంటర్ మీదికి వంగి చూసి, "మేస్త్రీవా?" అని అడుగుతాడు. కాదని చెప్పండి. నేర్చుకుంటున్నానని చెప్పండి. ఆ మాటకి బజార్లో మంచి మర్యాద ఉంది. లోపలికి వెళ్లి, పిడి గట్టిగా ఉన్న ఉలి ఇంకొకటి తెచ్చి చూపిస్తాడు.

అంతా కలిపి బేరమాడితే మీరు తెచ్చిన డబ్బులోనే అయిపోతుంది. ఇంకా తగ్గించుకోవాలంటే పాత సామాన్ల సంతలు, గురువారం జుమ్మేరాత్ బజార్, ఆదివారం ఎర్రగడ్డ ఉన్నాయి. పాత ఉలి తుప్పు పట్టినా భయం లేదు, పైపై తుప్పు రాయి మీద పోతుంది. కొస దగ్గర గుంటలు పడినదీ నెర్రె విచ్చినదీ మాత్రం వదిలేయండి.

మధ్యాహ్నం దాటాక మళ్లీ కాచిగూడ. ఒక సందులో ముందరి గది అంతా రంపపు పొట్టు పరుచుకున్న వడ్రంగి షాపు. మేస్త్రీ కింద కూచుని, చెక్కని రెండు పాదాల మధ్య పట్టుకుని ఉలితో గాడి తీస్తున్నాడు. బల్ల లేదు, బిగించే పట్టు లేదు. కాలి వేళ్లే పట్టు. ఈ దేశపు వడ్రంగి తరతరాలుగా పని చేసిన తీరు ఇది. మీ సంచి దింపి, కొత్త ఉలి చూపించండి.

"మేస్త్రీ, ఉలి నూరుడు నేర్పిస్తరా? మీ టైముకు పైసలు ఇస్త."

"కొత్తదా? కొత్తదానికి పదును ఉండదు. కూసో."

ఈ గంటే ఈ రెండు రోజుల్లోకీ విలువైన గంట. రాయి మీద నాలుగు నీటి చుక్కలు. ఉలికి ఒకవైపు వాలు, ఒకవైపు చదును. అందరూ వాలు వైపు నూరబోతారు, మీరూ అదే చేయబోయారు. మేస్త్రీ మీ చెయ్యి పట్టుకుని ఉలిని తిప్పేస్తాడు.

"ముందుగాల ఎన్క దిక్కు రుద్దు. మొత్తం గాదు, కొస కాడ అంగుళమంత జాలు. రాయికి సాపుగ ఆనాలె, లేవొద్దు."

చదును వైపు రాయి మీద పరిచి, రెండు వేళ్లతో నొక్కి ముందుకీ వెనక్కీ రుద్దుతుంటే మిల్లులో పడిన సన్నగీతలు ఒక్కొక్కటే చెరిగిపోతాయి. కొస దగ్గర వెలుగు నిలిచే దాకా ఆపొద్దు. ఇప్పుడు వాలు. కొత్త ఉలి వాలు దాదాపు 25 డిగ్రీలుంటుంది. ఆ వాలు పూర్తిగా రాయికి ఆనిందని వేళ్లకి తెలిసేదాకా ఉలిని నెమ్మదిగా పైకీ కిందికీ ఊపండి. ఆనిన చోట కుదురుకుంటుంది. అక్కడ మణికట్టు బిగించి, భుజం నుంచి కదలండి. మణికట్టు ఊగితే వాలు గుండ్రమవుతుంది, గుండ్రమైన వాలు కట్టెని శుభ్రంగా కోయదు.

కాసేపయ్యాక చదును వైపు బొటనవేలిని అంచుకి అడ్డంగా, బయటికి తీయండి. అంచు పొడవునా కంటికి కనపడని గరుకు తగులుతుంది. రెండు ముఖాలూ కొసలో కలిశాయని చెప్పే గుర్తు అది. ఒక మూల తగిలి ఇంకో మూల తగలకపోతే పని ఇంకా ఉందని. గరుకు అంతటా వచ్చాక రాయి నునుపు వైపు తిప్పి, వాలు కొంచెం, చదును కొంచెం, మళ్లీ వాలు, మళ్లీ చదును, తేలిగ్గా రుద్దితే ఆ గరుకు రాలిపోతుంది. మిగిలేది పదును.

"ఇగ జూడు" అని మేస్త్రీ మీ ప్యాలెట్ పైన్ చెక్కనే తీసుకుని, దాని కొసన, నారలన్నీ తెగి నిలబడ్డ చోట ఉలిని పెడతాడు. నూరకముందు అదే ఉలితో అక్కడ చెక్కితే పైన్ నార నలిగి, చిట్లి, చిన్నచిన్న గుంటలు పడ్డాయి. ఇప్పుడు పలచటి పొర ఒకటి చుట్టుకుంటూ లేచింది, కింద కట్టె మెరుస్తోంది. ఉలి వెళ్తున్న చప్పుడు కూడా మారింది. కరకర పోయి సుయ్యిమంటోంది.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా పట్టుకోండి. గట్టి కట్టెకే పదును ఎక్కువ కావాలనుకుంటాం. నిజానికి మెత్తటి కట్టె మొద్దు ఉలిని అసలు క్షమించదు. టేకు నార గట్టిది, ఉలి కొంచెం మొద్దుగా ఉన్నా ఎదురు నిలబడి తెగుతుంది. పైన్ నార తెగకుండా వంగిపోతుంది, నలుగుతుంది. చవక కట్టె మీద శుభ్రంగా గాడి తీయగలిగారంటే మీ పదును నిజమైనదని. అందుకే మొదలుపెట్టేవాళ్లకి చవక కట్టెని మించిన గురువు లేదు. తప్పు పోయినా జేబుకి దెబ్బ లేదు, ఒప్పు అయితే ఆ ఒప్పు ఏ కట్టె మీదైనా నిలబడుతుంది.

ఆదివారం పొద్దున, మీ ఇంటి డాబా. ఎండ ఎక్కకముందే నీడపట్టున కూచోండి. టేపు, పెన్సిల్, రెండు చెక్కలు. ప్యాలెట్ చెక్క వెడల్పు మూడున్నర అంగుళాలు, మందం ఆరు సూత్‌లు. ఎనిమిది సూత్‌లైతే అంగుళం. మొదటి చెక్కలోంచి పదిహేను అంగుళాల ముక్కలు మూడు. ఇవి పైన పరిచే పలకలు. రెండో చెక్కలోంచి పదిన్నర అంగుళాలవి రెండు. ఇవి కాళ్లు, అడ్డంగా అంచు మీద నిలబడతాయి. మిగిలినదాంట్లోంచి పదిహేను అంగుళాలది ఒకటి. ఇది కాళ్లు రెంటినీ కలిపే నడుము. అంతే, ఆరు ముక్కలు.

గునియా పెట్టి, పెన్సిల్ బదులు బ్లేడుతో గీత గీయండి. బ్లేడు గీత నారను ముందే తెంపుతుంది కాబట్టి అంచు చిట్లదు. చెక్కని మెట్టు మీద పెట్టి, మేస్త్రీ చేసినట్టే పాదంతో తొక్కిపట్టండి. రంపం పళ్లని గీతకి బయటి పక్కన, పారేసే వైపు పెట్టి, బొటనవేలి కణుపుని పలకకి ఆనించి, రెండుసార్లు వెనక్కి మాత్రమే లాగండి. చిన్న గాడి పడింది. ఇక రంపం దారి తప్పదు. ఒత్తకండి, దాని పళ్లకి తెలుసు. పొడవుగా, నెమ్మదిగా తోయండి. చివర అంగుళం మిగిలినప్పుడు పడిపోయే ముక్కని ఎడమచేత్తో పట్టుకోండి, లేకపోతే దాని బరువుకి అదే విరిగి అంచు చీల్చుకుపోతుంది.

ఇప్పుడు పీటకి ప్రాణమైన పని. నడుము చెక్క కాళ్లలోకి దిగి కూచోవాలి. దానికి కొసల నుంచి రెండున్నర అంగుళాలు లోపలికి, కింది అంచున రెండు గాళ్లు; కాళ్లకి సరిగ్గా మధ్యలో, పై అంచున ఒక్కో గాడి. లోతు అన్నిటికీ వెడల్పులో సగం, అంటే అంగుళం ముప్పావు. గాడి వెడల్పుకి టేపు పట్టకండి. రెండో చెక్కనే దాని మీద నిలబెట్టి, రెండు వైపులా బ్లేడుతో గీయండి. ఆ చెక్క మందమే కొలత; అంకెల కంటే అది నమ్మకమైనది.

గీతలకి లోపలి వైపున రంపంతో రెండు కోతలు. మధ్యలో ముక్కని ఉలి తీయాలి. ఉలిని అడుగు గీత మీద పెట్టి ఒక్కసారే దబ్బున కొట్టాలనిపిస్తుంది. ఆగి, నార వాటం చూడండి. నార గీతకి సమానంగా పోతుంటే ముక్క శుభ్రంగా ఊడుతుంది. కిందికి వాలి ఉంటే చీలిక గీత దాటి లోపలికి పోతుంది. అందుకని ముందు గీతకి రెండు సూత్‌ల పైన పెట్టి కొట్టండి. టక్‌మని ముక్క ఎగిరింది, నార ఎటు పోతోందో చెప్పేసింది. ఇప్పుడు మిగిలిన రెండు సూత్‌లనూ పొరపొరగా తీసుకురండి. ఒకవైపు నుంచి సగం దాకా, చెక్క తిప్పి రెండోవైపు నుంచి మిగతా సగం. ఒకేవైపు నుంచి పొడిస్తే అవతలి అంచు పెళ్లలుగా ఊడిపోతుంది. నిన్న సాయంత్రం రాయి మీద పెట్టిన గంట ఇప్పుడు వడ్డీతో తిరిగొస్తోంది: ఉలి నిలిచిన చోట నిలుస్తోంది, తీసిన పొర అద్దం పట్టినట్టు వస్తోంది.

నడుముని కాలి గాడిలోకి పెట్టి అరచేత్తో నొక్కండి. సగం దాకా దిగి ఆగింది. సుత్తి తీయకండి. కొస దగ్గర మిగిలిన చెక్క రెండున్నర అంగుళాలే. సుత్తి దెబ్బకి నార వెంట చీలిపోతుంది. బయటికి తీసి గాడి గోడలు చూడండి. రాసుకున్న చోట నిగారింపు కనిపిస్తుంది. ఉలితో ఆ చోట మాత్రం ఒక పొర తీసి మళ్లీ పెట్టండి. ఈసారి అరచేతి ఒత్తిడికి కిర్రుమంటూ అడుగు దాకా దిగింది. జిగురు లేకుండానే నిలబడింది. ఎత్తి ఊపి చూడండి, ఊడదు. ఈ క్షణం కోసమే ఇంత పనీ.

గాళ్లలో ఫెవికాల్ పలచగా రాసి మూడింటినీ కలపండి. పిడిలైట్ వాళ్లు 1959లో తెచ్చిన ఈ తెల్ల జిగురుకి ముందు వడ్రంగులు సరెస వాడేవాళ్లు; పశువుల ఎముకలూ తోళ్ల నుంచి తీసిన జిగురు, పొయ్యి మీద కరిగించి వేడివేడిగా పూయాలి. మనకి ఆ తిప్పలు లేవు. జిగురు తడిగా ఉండగానే ఈ కాలి కొస నుంచి ఆ కాలి ఎదురు కొసకి టేపు పట్టండి, తర్వాత రెండో ఐమూలకి పట్టండి. రెండు కొలతలూ ఒకటైతే చట్రం మూలమట్టంగా ఉన్నట్టు. తేడా ఉంటే పొడవున్న ఐమూల వైపు నుంచి మెల్లగా నొక్కి సరిచేయండి. బిగింపు కోసం శికంజా కొననక్కర్లేదు. చుట్టూ తాడు కట్టి, మధ్యలో పుల్ల దూర్చి మెలిపెడితే చాలు.

మధ్యాహ్నం భోంచేసి వచ్చాక మేకులు. ముందు ప్రతి మేకు మొననీ రాయి మీద పెట్టి సుత్తితో చిన్న దెబ్బ వేసి మొద్దు చేయండి. సూదిమొన నారల్ని పక్కకి తోసి చెక్కని చీలుస్తుంది. మొద్దుమొన నారల్ని నలిపి తన దారి తాను చేసుకుంటుంది. పలకకి పలకకి మధ్య ఒక సూత్ సందు వదలండి. ఆ సందు అందానికి కాదు. వానాకాలంలో మీ ఇంటి తలుపు ఉబ్బి గడపకి పట్టేయడం చూశారు కదా? కట్టె తేమ పీల్చి అడ్డంగా ఉబ్బుతుంది, ఎండాకాలం అడ్డంగానే ముడుచుకుంటుంది. పొడవులో మాత్రం దాదాపు మారదు. పైన మూడు పలకలనూ అతికించి ఒకే వెడల్పాటి చెక్క చేసి, కింద అడ్డంగా ఉన్న కాళ్లకి బిగిస్తే, పైది కదలాలంటుంది, కిందిది కదలనివ్వదు, చివరికి పైది పగులుతుంది. మూడూ విడివిడిగా ఉంటే దేని వెసులుబాటు దానికుంటుంది. పలక ఒక్కోదానికి ఒక్కో కాలి మీద రెండు మేకులు, ఒకే నార వెంట పడకుండా కాస్త ఎగుడుదిగుడుగా.

ఇప్పుడు పీటని చదునైన గచ్చు మీద పెట్టండి. ఒక మూల నొక్కితే టకటక ఆడుతోందా? ఏ కాలు ఎత్తుందో చూసి, గరుకు కాగితాన్ని నేల మీద పరిచి ఆ వైపు మాత్రం రుద్దండి. ఆ ఊగు పోతుంది. తర్వాత 80, 120, 220 వరసలో, ఎప్పుడూ నార వెంట, ఎప్పుడూ అడ్డంగా కాదు. చేయి తగిలే అంచులన్నీ గుండ్రం చేయండి. చివరిగా పాత గుడ్డతో అవిసె నూనె పలచగా పట్టించి, పావుగంటాగి, పైన మిగిలింది తుడిచేయండి. పాలిపోయిన పైన్ తేనెరంగుకి తిరుగుతుంది, నార గీతలన్నీ లేచి కనిపిస్తాయి. ఆ నూనె గుడ్డని మాత్రం ఉండ చుట్టి మూల పడేయొద్దు. ఆరేటప్పుడు తనకి తానే వేడెక్కి అంటుకునే గుణం దానికుంది. తీగ మీద విప్పి ఆరేయండి.

కూచోండి. పూర్తి బరువు వేసి కూచోండి. కిర్రుమనలేదు, ఊగలేదు. నిన్న పొద్దున తుక్కు దుకాణంలో గోడకి ఆని ఉన్న రెండు చెక్కలు ఇవాళ మిమ్మల్ని మోస్తున్నాయి. ఇంట్లో ఎవరో కత్తిపీట తెచ్చుకుని కూరగాయలు తరగడానికి దీన్నే లాక్కుంటారు, ఇవ్వండి. వాడుకలో పడితేనే మీ గాళ్ల మంచిచెడూ తెలుస్తుంది.

ఇక్కడి నుంచి దారి తేలిక. ఇవే గాళ్లు పొడవైన చెక్కల మీద తీస్తే చెప్పుల స్టాండు అవుతుంది. యాపిల్ పెట్టె పలకలతో మసాలా డబ్బాల అర. కూలిన ఇంటి దర్వాజా ముక్కతో, అప్పటికి రందా కొనుక్కుని, పిల్లల రాతబల్ల. ప్రతిదానికీ ఒకటో రెండో పనిముట్లు కలుస్తాయి, అవసరం పడ్డప్పుడే కొనండి.

మధ్యలో ఆ సందులోని మేస్త్రీ దగ్గరికి పీట తీసుకెళ్లండి. బోర్లా తిప్పి గాళ్లు చూస్తాడు, ఎక్కడ సందు మిగిలిందో గోరు పెట్టి చూపిస్తాడు. ఫ్యాక్టరీలో కోసి తెచ్చి ఇంట్లో బిగించి పోయే ప్లై సామాను పెరిగాక, ఇలా గాడి తీసే చేతులకి మన గల్లీల్లోనే పని తగ్గుతోంది. వాళ్ల దగ్గర ఉన్నది పుస్తకం చదివితే వచ్చే విద్య కాదు. మణికట్టు ఎక్కడ బిగించాలో, నార ఎటు చీలబోతోందో పక్కన కూచుని చూపిస్తేనే వచ్చేది. అడిగి నేర్చుకోండి, ఆ గంటకి కూలీ ఇచ్చి మరీ నేర్చుకోండి. ఇంటికొచ్చాక ఏ పని అయినా ముగిసిన రోజు, ఉలిని నూరి, తుడిచి, నూనె చుక్క రాసి లోపల పెట్టండి. మళ్లీ ఆదివారం పనిలో కూచున్నప్పుడు మొదటి కోతే తెగుతుంది.